తలలు కొలిచిన డాక్టరు, బుట్టలు అల్లిన డాక్టరు

పసిఫిక్ దీవుల జనం మీద పరిశోధన చేసిన న్యూజిలాండ్ డాక్టరు పీటర్ బక్ గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను, నాకైతే ఏమీ దొరకలేదు, అందుకే ఇది రాస్తున్నాను. పీహెచ్‌డీ పుణ్యమా అని నా జీవితంలో కొన్నేళ్లు ఈయనతోనే గడిచిపోయాయి. మా ఇంట్లోవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా "ఆ పెద్దాయన పని ఇంకా అవ్వలేదా" అని అడిగేవాళ్లు, ఆయన నా గైడ్ అనుకుని. ఆయన 1951లోనే పోయాడని చెప్పాక మా నాన్న కాసేపు మాట్లాడలేదు.

మాది కోనసీమ. ఆంత్రొపాలజీలో, అంటే మనుషుల పుట్టుపూర్వోత్తరాలు, జీవన పద్ధతులు చదివే శాస్త్రంలో ఎమ్మే చేసి న్యూజిలాండ్‌లో పీహెచ్‌డీకి వెళ్లాను. పసిఫిక్ సముద్రపు దీవుల్లో ఉండే పాలినేషియన్లు అసలు ఎక్కడివాళ్లు, అంతంత సముద్రం దాటి హవాయి, రాపా నుయి (ఈస్టర్ దీవి), న్యూజిలాండ్ దాకా ఎలా చేరారు అన్న ప్రశ్నకి గత వందేళ్లలో పరిశోధకులు జవాబు వెతికిన పద్ధతులు నా టాపిక్. అంటే దీవుల మీద కాదు, దీవుల మీద పడ్డ పరిశోధకుల మీద పరిశోధన అన్నమాట. సూపర్‌వైజర్ మొదటి మీటింగ్‌లోనే, అందరి మీదా రాస్తే ఎవరి మీదా రాసినట్టు ఉండదు, ఒక మనిషిని పట్టుకో అన్నారు. అలా బక్ దగ్గర ఆగాను.

ఆయన మావోరీ పేరు తె రంగి హీరోవా. న్యూజిలాండ్‌లో తారనాకి వైపు ఉరెనుయి అనే ఊరు. తండ్రి ఐరిష్ వంశపు తెల్లాయన, తల్లి మావోరీ, అంటే న్యూజిలాండ్ మూలవాసి, పాలినేషియన్లలో ఒక శాఖ. డునీడిన్‌లోని ఒటాగో యూనివర్సిటీలో 1904లో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు, 1909 నుంచి 1914 దాకా పార్లమెంటు సభ్యుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గలిపోలీకి వెళ్లాడు, తిరిగొచ్చాక మావోరీల ఆరోగ్యం చూసే అధికారి. ఇంతా చేసి, ఐదు పదుల వయసు దగ్గర పడుతుండగా 1927లో డాక్టరీకి దండం పెట్టి హోనలులులోని బిషప్ మ్యూజియంలో ఆంత్రొపాలజిస్టుగా చేరిపోయాడు. 1936 నుంచి చనిపోయేదాకా దానికి డైరెక్టర్. మంచి సర్కారీ ఉద్యోగం వదిలేసి దీవుల వెంట తిరుగుతానంటే మన ఇళ్లల్లో ఏమంటారో ఊహించుకోండి.

ఈ మనిషిలో నాకు ఇద్దరు కనిపిస్తారు. మొదటివాడితో నాకు పేచీ. 1919లో యుద్ధం ముగిసి మావోరీ పయనీర్ బెటాలియన్ ఓడలో ఇంటికి తిరిగొస్తుంటే, ఈయన ఆ వారాలన్నీ ఖాళీగా పోనివ్వకుండా కాలిపర్లు (రెండు కాళ్ల కొలత పరికరాలు) పట్టుకుని సైనికుల తలలు, ముక్కులు, ఎత్తులు కొలుస్తూ కూర్చున్నాడు. తర్వాత పాలినేషియన్ సొసైటీ జర్నల్‌లో వరసగా వ్యాసాలు అచ్చయ్యాయి. వాటిలో సగటులు ఉంటాయి. తల పొడవు సగటు, ముక్కు వెడల్పు సగటు. యుద్ధంలో చావు తప్పించుకుని వచ్చిన కుర్రాళ్లు మిల్లీమీటర్లయి మిగిలారు.

ఆ పేజీలు చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు, ఎందుకంటే ఇదే పని మన మీదా జరిగింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ ప్రెసిడెన్సీ అంతా తిరిగి తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ కులాల వాళ్ల ముక్కులు కొలిచి, కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు వేశాడు. బెంగాల్ వైపు రిస్లీ అనే బ్రిటిష్ అధికారి అయితే ముక్కు కొలతను బట్టి కులాల హెచ్చుతగ్గులు కూడా తేల్చేశాడు. తేడా ఏంటంటే బక్ బయటివాడు కాదు, కొలిచినవాడూ మావోరీయే. దాంతో విషయం తేలికైపోతుందని మొదట్లో అనుకున్నాను, చదివేకొద్దీ ఇంకా ముడిపడింది.

ఆ కొలతలు ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లాయో చూడండి. పాలినేషియన్లు ఆసియా వైపు నుంచి వచ్చారన్నది ఆయనకీ ఒప్పుదలే. ఏ దారిన అన్నదే గొడవ. పాపువా న్యూగినీ, సోలమన్, వనువాటు, ఫిజీ మీదుగా, అంటే మెలనేషియా మీదుగా వస్తే దారి సులువు, పెద్ద దీవులు, మంచి నేల. ఆయన మాత్రం కాదు, ఉత్తరాన మైక్రోనేషియా పగడపు దీవుల మీదుగా వచ్చారన్నాడు. ఆ రోజుల్లో తెల్లవాళ్లు కట్టిన జాతుల నిచ్చెనలో మెలనేషియన్లను అడుగున కూర్చోబెట్టారు. వాళ్ల మీదుగా వచ్చాం, వాళ్లతో కలిశాం అంటే మావోరీలను కూడా ఆ మెట్టు మీదకే తోస్తారన్న భయం ఆయనకి ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే పాలినేషియన్లను యూరప్ జాతుల వైపు లాగి చూపించాడు కూడా. కానీ ఒక చిక్కొచ్చింది. చేమదుంప, అరటి, సీమపనస, పంది, కోడి, ఇవన్నీ ఆ ఇసక దీవుల మీదుగా రావడం కష్టం, అక్కడ నేలే ఉండదు. దానికి ఆయన చెప్పిన సమాధానం ఏంటంటే, మనుషులు ఉత్తరం దారిన వచ్చారు, మొక్కలూ జంతువులూ తర్వాత ఫిజీ మీదుగా అందాయి అని. అంత తెలివైన మనిషి ఈ అతుకు ఎలా వేశాడా అని నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇంకో సంగతి. అదే మనిషి హవాయిలో ఉంటూ అమెరికా పౌరసత్వం కోరితే, పాలినేషియన్లు తెల్లవాళ్ల లెక్కలోకి రారని ఇవ్వలేదు. పౌరసత్వం అడిగిన మన భగత్ సింగ్ థిండ్‌కి 1923లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇలాంటిదే కదా. 1946లో బ్రిటిష్ రాజు సర్ బిరుదు ఇచ్చాడు, అమెరికా మాత్రం కాగితం ఇవ్వలేదు.

ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1952లో, న్యూ కాలిడోనియాలో లపీటా అనే చోట గిఫర్డ్, షట్లర్ అనే ఇద్దరు తవ్వారు. చుక్కల గీతలతో ముద్రలు వేసిన కుండ పెంకులు దొరికాయి. అలాంటి పెంకులే పాపువా న్యూగినీ పక్కనున్న బిస్మార్క్ దీవుల నుంచి మొదలై సోలమన్, వనువాటు, ఫిజీ మీదుగా టోంగా, సమోవా దాకా వరసగా బయటపడ్డాయి. అంటే బక్ వద్దన్న దారే. సుమారు 3000 ఏళ్ల కిందట టోంగా, సమోవా చేరి, అక్కడ చాలా శతాబ్దాలు ఆగి, ఆ తర్వాత తూర్పు పాలినేషియాకి కదిలారు, న్యూజిలాండ్ చేరింది సుమారు 1250-1300 మధ్య.

2016లో వనువాటు, టోంగాల్లో దొరికిన నాలుగు పాత అస్థిపంజరాల డీఎన్ఏ చదివితే ఇంకో మలుపు. ఆ తొలి ప్రయాణికుల్లో పాపువా వైపు రక్తం దాదాపు లేదు, తైవాన్, ఫిలిప్పీన్స్ వైపు వాళ్లకే దగ్గర. కలయిక తర్వాత జరిగింది, ఇప్పటి పాలినేషియన్లలో ఆ వాటా సుమారు నాలుగో వంతు. దారి విషయంలో బక్ పూర్తిగా ఓడిపోయాడు, మొదటివాళ్లు దారిలో కలవలేదన్న మాట వరకు మాత్రం గెలిచాడు, అదీ కాలిపర్ల వల్ల కాదు. నా సెమినార్‌లో ఇది చెబితే ఒకాయన "అయితే ఆయన కరెక్టేగా" అన్నాడు. కాదండీ, తప్పు లెక్క చేసినా అప్పుడప్పుడూ ఆన్సర్ కలుస్తుంది.

ఇక రెండో బక్. ఈయన కోసమే నేను హోనలులు వెళ్లాను. బిషప్ మ్యూజియం 1889లో మొదలైంది, హవాయి రాజవంశపు బెర్నిస్ పౌవహి గుర్తుగా ఆమె భర్త చార్ల్స్ బిషప్ పెట్టించాడు. ఆర్కైవ్‌లో పని చేయాలంటే ముందే రాసి టైమ్ తీసుకోవాలి, ఏ పెట్టె కావాలో నంబరుతో సహా చెప్పాలి, లోపలికి పెన్సిలు తప్ప పెన్ను రానివ్వరు. ఏసీ చలికి నేను చున్నీ చెవులకు చుట్టుకుని కూర్చునేదాన్ని. అక్కడి మ్యూజియం బీరువాల గురించి ఒక కథ చెప్పాలి. కెనెత్ ఎమొరీ అని బక్ సహోద్యోగి, 1930లలో తాహితీ పక్కనున్న టువామోటు దీవుల్లో రాతి బాడిసలు సేకరించి తెచ్చాడు. వడ్రంగి బాడిసే, కాకపోతే ఇనుముకి బదులు రాయి. అవి డెబ్భై ఏళ్లు సొరుగుల్లో పడి ఉన్నాయి. 2007లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ రాళ్ల రసాయన గుణాలు పరీక్షించి చూస్తే, ఒకటి హవాయి దగ్గర కహోఒలవే దీవి రాయి అని తేలింది. నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు సముద్రం. హవాయి నుంచి తాహితీ వైపు పడవలు నడిచాయని పాటల్లో, కథల్లో ఉన్నమాటకి చేతికి దొరికిన సాక్ష్యం అది. ఎమొరీ ఆ రాయిని ఏ దీవిలో తీసుకున్నాడో శ్రద్ధగా రాసి పెట్టాడు కాబట్టే అది పనికొచ్చింది.

బక్ గొప్పతనం కూడా అక్కడే. 1926లో ఐటుటాకి అనే దీవికి వెళ్లాడు, కుక్ దీవుల్లో ఒకటి. 1927లో సమోవా, 1929లో మంగయియా, టోంగరేవా, మానిహికీ, 1934లో మాంగరేవా. వెళ్లినచోటల్లా ఇల్లు ఎలా కప్పుతున్నారు, తాడు ఎలా పేనుతున్నారు, చాప అంచు ఎలా మడుస్తున్నారు, వల కన్ను ఎలా కడుతున్నారు, ఇవన్నీ తనే కూర్చుని చేసి నేర్చుకుని, మెట్టు మెట్టుకీ బొమ్మ గీసి రాశాడు. ఆపరేషన్లు చేసిన చెయ్యి కదా. సరుకు ఒకేలా కనిపించినా చేసే క్రమంలో దీవికీ దీవికీ తేడా ఉంటుంది, ఆ క్రమమే చుట్టరికం చెబుతుంది అన్నది ఆయన వాదం. చదువుతుంటే మొదట విసుగు పుట్టింది, నిజం చెప్పాలంటే ఒక బుట్ట అడుగు మూయడం మీద పేజీలకు పేజీలు ఎవరు చదువుతారు. కానీ నేను కొబ్బరితోటల మధ్య పుట్టినదాన్ని. పెళ్లిపందిళ్లకి పచ్చి కొబ్బరిమట్టలు అల్లే తాతల పక్కన కూర్చుని పెరిగాను. ఒక రాత్రి హాస్టల్లో ఆ బొమ్మలు చూస్తూ నా వేళ్లు వాటంతటవే కదిలాయి. అప్పుడు నిర్ణయించుకున్నాను, ఐటుటాకి వెళ్లకుండా ఈ థీసిస్ రాయను.

నిర్ణయం సులువు, పర్మిషన్లే కష్టం. ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఫారం. ఎవరితో మాట్లాడతావు, ఏం రికార్డు చేస్తావు, ఎక్కడ దాస్తావు, వాళ్లకేంటి లాభం, శరీరం నుంచి ఏమైనా శాంపిల్ తీస్తావా. తర్వాత కుక్ దీవుల రీసెర్చ్ పర్మిట్. అక్కడ ప్రధాని కార్యాలయం కింద దీన్ని చూసే కమిటీ ఉంది, పర్మిట్ లేకుండా ఊరికే టూరిస్టులా వెళ్లి ఇంటర్వ్యూలు చేసుకుంటామంటే కుదరదు. అక్కడి మనిషి ఒకరు మన పనికి తోడుగా ఉండాలి, అయ్యాక ఫలితం కాపీ అక్కడ ఇచ్చి రావాలి. కొంతమంది స్టూడెంట్లు ఇదో తలనొప్పి అని తిట్టుకుంటారు. నాకు మాత్రం, థర్‌స్టన్‌ని మనవాళ్లెవరైనా ఇలాంటి ఫారం నింపమని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఆక్లాండ్‌లో విమానం ఎక్కితే కుక్ దీవుల్లో పెద్దదైన రారొటోంగాలో దిగేసరికి తేదీ ఒక రోజు వెనక్కి వెళ్తుంది, అంతర్జాతీయ దినరేఖ దాటతాం కాబట్టి. రారొటోంగా చుట్టూ రోడ్డు 32 కిలోమీటర్లు, ఆ గుండ్రటి రోడ్డు మీద సిటీ బస్సు రెండే రకాలు, గడియారం ముల్లు తిరిగే వైపు ఒకటి, ఎదురు వైపు ఒకటి. అక్కడి నుంచి చిన్న విమానంలో ముప్పావుగంట ఐటుటాకి. ఆదివారం మొత్తం ఊరు చర్చిలో ఉంటుంది. కుక్ దీవుల్లో మొదటి మిషనరీలు 1821లో దిగిన దీవి ఇదే. ఇళ్ల ముందు పెద్దల సమాధులు, సిమెంటుతో కట్టి, పూలు పెట్టి, కొన్నింటికి పైన రేకు కప్పు కూడా. మొదట్లో నాకు అడుగు తీసి అడుగు వేయాలంటే జంకుగా ఉండేది. పిల్లలు మాత్రం వాటి మీదే కూర్చుని బిస్కెట్లు తింటున్నారు.

అక్కడ పెద్దావిడలందరినీ మామా అని పిలుస్తారు, మన మేనమామ కాదు. నాకు అల్లిక చూపించిన మామా అన్నిటికన్నా ముందు అడిగింది, "ఉమ్మి కోసం వచ్చావా?" అని. డీఎన్ఏ కిట్ గురించి. ఆమె అడగడంలో తప్పేం లేదు. 2000లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టోంగా ప్రజల జన్యువుల మీద ఒప్పందం చేసుకోబోతే జనమూ చర్చీలూ ఎదురు తిరిగారు, అది ఆగిపోయింది. పసిఫిక్‌లో ఆ సంగతి ఇంకా ఎవరూ మర్చిపోలేదు. కాదు మామా, బుట్ట కోసం వచ్చానన్నాను. ఆమె నవ్వి, కత్తి తెమ్మని మనవణ్ని కేకేసింది.

పచ్చిమట్టను నిలువునా చీల్చి, ఆకులు అంటుకుని ఉన్న సన్నటి పట్టీ మాత్రం ఉంచుకుంది. ఆ పట్టీని గుండ్రంగా వంచి కొసలు కట్టేస్తే అది బుట్ట మూతి. ఆకులన్నీ సహజంగా ఒకే వైపు వాలి ఉంటాయి, ఒకటి విడిచి ఒకటి ఎదురు వైపుకి మళ్లించి, ఒకదాని మీదుగా మరోదాని కిందుగా దింపుకుంటూ పోయింది. ఇక్కడిదాకా మన పందిరి అల్లికే, నా చేతులు ఆమెతో సమానంగానే నడిచాయి, నువ్వు ఎక్కడి పిల్లవి అని రెండోసారి అడిగింది. మన తడిక బల్లపరుపుగా అయిపోతుంది, దీనికి మాత్రం అడుగు మూయాలి. మిగిలిన ఆకు కొసలను రెండు వైపుల నుంచీ కలుపుకుంటూ మూడు పాయల జడలా అల్లి, జడ చివర ముడేసి లోపలికి దోపాలి. బక్ పేజీలకు పేజీలు రాసింది ఈ జడ గురించే. ఆయన గీసిన బొమ్మల జిరాక్స్ ఆమెకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, వేలితో పాయలు లెక్కపెట్టి, "ఇది సరిగ్గా గీశాడు. ఇదిగో ఇది మా ఊరిది కాదు, అటుపక్క ఊరి వాళ్లు ఇలా మూస్తారు" అంది. దాదాపు వందేళ్ల నాటి బొమ్మని చూసి ఒక మనిషి అందులో ఊరు గుర్తుపట్టగలుగుతోంది. తల కొలతల సగటు చూపిస్తే ఎవరైనా దేన్ని గుర్తుపడతారు?

థీసిస్‌లో ఒక అధ్యాయం ఈ మాట మీదే నిలబడింది. కమిటీలో ఒకరు, బుట్టల మీద ఇంత ప్రేమ శాస్త్రీయం కాదేమో అన్నారు. డీఎన్ఏ వద్దని నేను ఎక్కడా అనలేదు. 2021లో 21 దీవుల వాళ్ల జన్యువులు చదివి, సమోవా నుంచి రారొటోంగాకి, అక్కడి నుంచి తూర్పుకి అని దీవి తర్వాత దీవి జనం ఎలా విస్తరించారో వరస కట్టిన పని నాకు ఎంతో ఇష్టం. 2020లో అదే బృందం తూర్పు పాలినేషియన్లలో 1200 ప్రాంతం నాటి దక్షిణ అమెరికా కలయిక చూపించింది. అయితే చిలగడదుంప దక్షిణ అమెరికాది, అది యూరోపియన్ల కన్నా ముందే పాలినేషియాలో ఉంది కాబట్టి ఎవరో వెళ్లొచ్చారని మొక్కల వాళ్లు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారు, దుంప చెప్పిన మాటకి రక్తం సంతకం పెట్టింది, అంతే.

వంశావళుల సంగతి వేరే. కుక్ దీవుల్లో భూమి అమ్మడానికి లేదు, లీజుకి ఇవ్వొచ్చు, అదీ అరవై ఏళ్లు మించకూడదు. హక్కు తల్లి వైపు నుంచీ వస్తుంది, తండ్రి వైపు నుంచీ వస్తుంది. అందుకని ఎవరి ముత్తాత ఎవరో తెలియడం అక్కడ కాలక్షేపం కాదు, ల్యాండ్ కోర్టులో నిలబడి ప్రమాణం చేసి చెప్పాల్సిన విషయం. పాత పరిశోధకులు ఈ వంశావళులతో తేదీలు కూడా కట్టారు. పెర్సీ స్మిత్ అనే ఆయన తరానికి పాతికేళ్ల చొప్పున వెనక్కి లెక్కేసి, మావోరీల పడవలు న్యూజిలాండ్ చేరింది 1350 అన్నాడు. పడవలన్నీ ఒకేసారి గుంపుగా వచ్చాయన్న ఆయన కథ తర్వాత నిలవలేదు, కానీ ఈనాటి కార్బన్ తేదీలకీ ఆ అంకెకీ మధ్య తేడా వందేళ్లకి మించి లేదు. నోటితో అప్పజెప్పిన పేర్ల వరస అది. మా ఇంట్లో మా తాతగారి నాన్న పేరు దాటి ముందుకు ఎవరికీ రాదు, గోత్రం మాత్రం టకీమని చెబుతారు.

ఈ వంశావళుల దగ్గరే నాకు అసలు టెన్షన్ వచ్చింది. నేను ఐటుటాకిలో ఉండగా ఒక పెద్దాయన వచ్చి, పాత జర్నల్లో అచ్చయిన వాళ్ల వంశపు పేజీలు ప్రింటు తీసి ఇమ్మన్నాడు, ఏదో వాటా విషయం నడుస్తోందట. ఇవ్వబోతుంటే నాకు తోడుగా ఉన్న స్థానిక టీచరు ఆపి, ఎదుటి పక్షం వాళ్లు కూడా నీకు ఇంటర్వ్యూ ఇచ్చారు కదా అని గుర్తుచేసింది. ఆ జర్నల్ అందరికీ అందుబాటులో ఉన్నదే, నేను దాచేదేం లేదు, కానీ నా చేత్తో ఒక పక్షానికే ఇస్తే పర్మిట్ మీద వచ్చిన మనిషి ఒకరి తరఫున నిలబడినట్టే. ఇద్దరం మాట్లాడుకుని, ఆ పేజీలు రెండు సెట్లు తీసి ఒకే పూట రెండు ఇళ్లకీ ఇచ్చాం, మూడో సెట్టు రారొటోంగాలో అవరువా ఊళ్లోని లైబ్రరీలో పెట్టాం. పెద్దాయన ముఖం కొంచెం ముడుచుకున్నాడు. టీ అయితే ఇచ్చాడు.